కారణం కావలెను

నన్ను జిల్లా డెస్క్ నుంచి బిజినెస్ పేజీకి మార్చింది 2008 జనవరి మొదట్లో. ఎమ్మే తెలుగు చదివినవాడికి సెన్సెక్స్ గురించి ఏం తెలుస్తుంది సార్ అని మా ఇన్‌ఛార్జిని అడిగితే, "తెలియక్కర్లేదయ్యా. పెరిగితే పెరిగిందని రాయి, తగ్గితే తగ్గిందని రాయి. పక్కన కారణం రాయి. కారణం లేకుండా మాత్రం కాపీ వదలకు" అన్నారు.

నాకు ముందు ఆ సీట్లో ఉన్నాయన ఉద్యోగం మానేసి సొంతంగా షేర్ ట్రేడింగ్ మొదలుపెట్టాడు. నెల జీతం రెండు రోజుల్లో వస్తుంటే రాత్రి పన్నెండింటిదాకా ఇక్కడ కళ్ళు పోగొట్టుకోవడం దేనికని ఆయన వాదన. అప్పట్లో ఆ వాదనకి ఎవరి దగ్గరా జవాబు లేదు. జనవరి 10న ముంబై షేర్ల సూచీ సెన్సెక్స్ 21,206 దాకా వెళ్ళింది. పాతిక వేలు ఎంతో దూరం లేదని టీవీల్లో టై కట్టుకున్న ప్రతి ఒక్కరూ చెబుతున్నారు. మా ఆఫీసులో ప్యూన్‌కి కూడా షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతా ఉండేది. నాకే లేదు.

బిజినెస్ పేజీలో కారణాలు ఎక్కడినుంచి వస్తాయో ఒక వారంలో అర్థమైపోయింది. మార్కెట్ పెరిగితే "దిగువ స్థాయిల్లో కొనుగోళ్ళు" లేదా "సానుకూల అంతర్జాతీయ సంకేతాలు". తగ్గితే "లాభాల స్వీకరణ" లేదా "ప్రతికూల అంతర్జాతీయ సంకేతాలు". ఎటూ కదలకపోతే "మదుపరుల వేచిచూసే ధోరణి". వీటికి విదేశీ సంస్థల అమ్మకాలో కొనుగోళ్ళో తగిలిస్తే కాపీ నిండుతుంది. కారణాలు ఎంత చురుగ్గా ఉంటాయంటే, మధ్యాహ్నం ఒంటిగంటకి ముడిచమురు ధర భయంతో సెన్సెక్స్ పడిపోయిందని ఏజెన్సీ కాపీ వచ్చేది. మూడున్నరకి మార్కెట్ ముగిసేసరికి అదే సెన్సెక్స్ లేచి కూర్చుంటే, ముడిచమురు దిగి వస్తుందన్న ఆశలే కారణమని ఇంకో కాపీ. నడుమ చమురు ఎక్కడిదక్కడే ఉండేది. పొద్దున్నే, అప్పట్లో 9.55కి, మార్కెట్ తెరవగానే "ఇవాళ ఎందుకు పడుతుందంటే" అని ఎవరూ చెప్పరు. పడ్డాక మాత్రం అందరికీ తెలుసు.

నేను సీట్లో సర్దుకునేలోపే జనవరి 21 వచ్చింది. ఒక్కరోజులో 1,408 పాయింట్లు పోయాయి. మర్నాడు తెరిచిన కాసేపటికే లోయర్ సర్క్యూట్, అంటే పతనానికి పెట్టిన హద్దు, తగిలి గంటసేపు ట్రేడింగ్ ఆపేశారు. జనవరి 21కి మూడు రోజుల ముందే రిలయన్స్ పవర్ ఐపీఓ, అంటే జనానికి తొలిసారి షేర్ల అమ్మకం, ముగిసింది. అమ్మకానికి పెట్టిన షేర్లకి 73 రెట్లు దరఖాస్తులు రావడంతో 73 రెట్ల స్పందన అని మేం బ్యానర్ వేశాం. తెనాలిలో మా బాబాయి దానికి దరఖాస్తు పెట్టాడు. షేరు చిన్న మదుపరులకి 430 రూపాయలు, మిగతావాళ్ళకి 450. ఫిబ్రవరి 11న మార్కెట్లో లిస్టయిన రోజే 372 దగ్గర ముగిసింది. సాయంత్రం ఫోన్.

"ఒరేయ్, 73 రెట్ల స్పందన అని రాసింది మీరే కదరా?"

"స్పందన వచ్చింది బాబాయ్. అబద్ధం రాయలేదు."

"స్పందన సరే, డబ్బేదిరా?"

ఆ తర్వాత ఏడాదిన్నర పాటు బాబాయి నన్ను "ఎలా ఉన్నావురా" అని అడగలేదు. ఫోనెత్తగానే "ఎప్పుడు పెరుగుతుంది?" అనేవాడు. బిజినెస్ పేజీలో పనిచేసేవాడికి ముందే తెలుస్తుందని మా బంధువులందరి నమ్మకం. వాతావరణ వార్తలు రాసేవాడు వాన కురిపిస్తాడనుకున్నట్టు.

ఆ వేసవి అంతా మాంద్యం అమెరికాది, ధరలు మనవి. జూలైలో చమురు పీపా 147 డాలర్లకి వెళ్ళింది, ఆగస్టులో మన ద్రవ్యోల్బణం 12 శాతం దాటింది. సెప్టెంబర్ 15న 158 ఏళ్ళ అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమాన్ బ్రదర్స్ చేతులెత్తేసింది. ఆ రోజు మా న్యూస్ ఎడిటర్ అడిగిన మొదటి ప్రశ్న, "ఎవరు వీళ్ళు? మనవాళ్ళెవరైనా పనిచేస్తున్నారా?" అని. మర్నాడు ఏఐజీ అనే బీమా కంపెనీకి అమెరికా ప్రభుత్వం 85 బిలియన్ డాలర్లు ఇచ్చి నిలబెట్టింది. మన మూలాలు పటిష్ఠంగా ఉన్నాయని ఢిల్లీ నుంచి రోజుకో ప్రకటన వచ్చేది. ఆ ప్రకటనలకీ సెన్సెక్స్‌కీ ఏదో పాతకక్ష ఉన్నట్టుంది. అది వచ్చిన ప్రతిసారీ ఇది ఇంకో రెండు మూడు వందలు పడేది.

అప్పుడు మొదలైంది అసలు కష్టం, సున్నాలతో. అమెరికా ప్రభుత్వం బ్యాంకుల కోసం 700 బిలియన్ డాలర్ల ప్యాకేజీ ప్రకటించింది. తెలుగు పాఠకుడికి రూపాయల్లో చెప్పాలి కదా. అప్పుడు డాలర్ 47 రూపాయల చిల్లర. డెస్క్ మీదున్న క్యాలిక్యులేటర్‌లో పన్నెండు అంకెలే పడతాయి. 700 బిలియన్‌కే ఆ పన్నెండూ నిండిపోయాయి. 47తో గుణించి సమానం మీట నొక్కగానే తెర మీద "ఈ" అని ఎర్రర్ చూపించి ఊరుకుంది. చివరికి మా ఇన్‌ఛార్జి ప్రూఫ్ కాగితం వెనక్కి తిప్పి, పెన్నుతో సున్నాలు వేసుకుంటూ, మధ్యమధ్య వేలితో లెక్కపెట్టుకుంటూ దాదాపు 33 లక్షల కోట్లని తేల్చారు. ఆ ఏడాది మన కేంద్ర బడ్జెట్ మొత్తం ఏడున్నర లక్షల కోట్లు. అంటే మన దేశాన్ని నాలుగేళ్ళకి పైగా నడిపే డబ్బు, వాళ్ళు బ్యాంకులకి సర్దుబాటు చేస్తున్నారు. "ఒక సున్నా ఎక్కువైనా పర్లేదయ్యా, ఎవరూ కనిపెట్టలేరు" అని ఎడిషన్ ఇన్‌ఛార్జి అన్నాడు గానీ, మా ఇన్‌ఛార్జి ఇంకోసారి మొదటినుంచి లెక్కపెట్టాకే వదిలారు.

ఆ ప్యాకేజీ మీద సెప్టెంబర్ 29న అమెరికా ప్రతినిధుల సభలో ఓటింగ్. మనకి రాత్రి పదకొండు దాటింది. "ప్యాకేజీకి పచ్చజెండా" అని హెడ్డింగ్ పెట్టి, అంకెల చోటు ఖాళీగా ఉంచి కూర్చున్నాం. 205 అనుకూలం, 228 వ్యతిరేకం. పచ్చజెండా తీసి ఎర్రజెండా పెట్టాం. అదృష్టం కొద్దీ అక్షరాల సంఖ్య సరిపోయింది. అమెరికా షేర్ల సూచీ డౌజోన్స్ ఆ రోజు 777 పాయింట్లు పడింది. నాలుగు రోజులకి అదే సభ అదే బిల్లుని కొంచెం అటూ ఇటూ చేసి ఆమోదించింది. తీసేసిన పచ్చజెండా మళ్ళీ పనికొచ్చింది.

అక్టోబర్ నెల గురించి చెప్పాలంటే మా ఫైల్ ఫొటో గురించి చెప్పాలి. బాంబే స్టాక్ ఎక్స్ఛేంజ్ ముందు ఓ పెద్దమనిషి రెండు చేతులతో తల పట్టుకుని నిలబడ్డ ఫొటో ఒకటి మా దగ్గర ఉండేది. మార్కెట్ పడ్డ రోజున అది వెయ్యాల్సిందే. అక్టోబర్‌లో ఆయన మా పేజీలో మా ఎడిటర్ కంటే ఎక్కువసార్లు కనిపించాడు. ఒకరోజు ఎడమవైపు కత్తిరించేవాళ్ళం, ఇంకోరోజు కుడివైపు, ఇంకోరోజు తల ఒక్కటే. పాపం ఆయన ఆ రోజు ముంబై ఎండకి తల పట్టుకున్నాడో, ఇంట్లో ఏదైనా గొడవో మాకు తెలియదు. మేం మాత్రం "మదుపరి ఆవేదన" అని కింద రాసి లక్షల కోట్ల నష్టం ఆయన నెత్తిన వేశాం. అక్టోబర్ 24న సెన్సెక్స్ 1,070 పాయింట్లు పోయి 8,701 దగ్గర ముగిసినప్పుడు ఆయన మొదటి పేజీకి ప్రమోట్ అయ్యాడు.

ఆ నెలలో మేం రోజూ వాడిన ఇంకో మాట, "మదుపరుల సంపద ఆవిరి". దానికి ఒక పాఠకుడు ఫోన్ చేశాడు. గొంతు బట్టి రిటైరైన సైన్సు మాస్టారిలా ఉన్నారు. "బాబూ, ఆవిరైంది అంటే ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. ఆవిరి పైకి వెళ్ళి చల్లబడితే వానై పడాలి. ఈ డబ్బు ఏ ఊళ్ళో పడింది?" అని అడిగారు. ఫోన్ ఇన్‌ఛార్జికి ఇచ్చాను. ఆయన చాలాసేపు విని, "ప్రస్తుతానికి మేఘావృతంగా ఉందండీ" అని పెట్టేశారు.

దీపావళి అక్టోబర్ 28న వచ్చింది. నెల ముందే యాడ్స్ వాళ్ళు ఒప్పుకున్న ప్రత్యేక పేజీ ఉంది, "ఈ దీపావళికి ఏ షేర్లు కొనాలి?" అని. దాని కోసం బ్రోకింగ్ సంస్థలు సెప్టెంబర్‌లో పంపిన సలహాలు మా దగ్గరున్నాయి. ఒక షేరు 600 దగ్గర కొని 750కి అమ్మమని రాసి ఉంటే, ఆ షేరు ఇప్పుడు 240లో ఉంది. ముందురోజు అక్టోబర్ 27న సెన్సెక్స్ ఒక దశలో 7,697కి దిగింది. యాడ్ డబ్బు ముందే తీసుకున్నారు కాబట్టి పేజీ ఆపడానికి లేదు. చివరికి షేర్ల పేర్లు ఉంచి, ధరలు తీసేసి, "దీర్ఘకాలిక దృష్టితో" అనే మాట ప్రతి వాక్యానికీ ముందు చేర్చి పంపాం. తర్వాత నేను గమనించింది ఏమిటంటే, ఈ రంగంలో కొన్నవెంటనే పెరిగితే దాన్ని ట్రేడింగ్ అంటారు. పడితే దీర్ఘకాలిక పెట్టుబడి అంటారు.

అదే నెలలో జెట్ ఎయిర్‌వేస్ వ్యవహారం ఒకటి. 1,900 మందిని తీసేస్తున్నట్టు వార్త. ఎయిర్‌హోస్టెస్‌లు యూనిఫాంలోనే ఏడుస్తూ రోడ్డెక్కారు. అది పెట్టి జిల్లాల ఎడిషన్లు పంపేశాం. రాత్రి పొద్దుపోయాక చైర్మన్ నరేశ్ గోయల్ మీడియా ముందుకొచ్చి, వాళ్ళ కన్నీళ్ళు చూడలేకపోయాను, అందర్నీ వెనక్కి తీసుకుంటున్నాను అన్నారు. అలా జిల్లా ఎడిషన్లో పోయిన ఉద్యోగాలు సిటీ ఎడిషన్ కల్లా వచ్చేశాయి. నా సర్వీసులో ఇంత వేగంగా ముగిసిన మాంద్యం ఇదొక్కటే.

అమెరికా వార్తలు మాకు బాక్సులకి పనికొచ్చేవి. జనం బ్యానర్ చదవకపోయినా బాక్స్ చదువుతారు. ఏఐజీ వాళ్ళు ప్రభుత్వ సాయం అందిన వారం రోజులకే కాలిఫోర్నియాలో ఒక రిసార్టుకి వెళ్ళి, స్పాలూ విందులతో కలిపి నాలుగు లక్షల నలభై వేల డాలర్ల బిల్లు చేశారు. నవంబర్‌లో కార్ల కంపెనీలు జీఎం, ఫోర్డ్, క్రిస్లర్ అధిపతులు ముగ్గురూ మా దగ్గర డబ్బుల్లేవు, ఆదుకోండి అని అడగడానికి వాషింగ్టన్ వెళ్ళారు. ముగ్గురూ మూడు సొంత విమానాల్లో వెళ్ళారు. తిట్లు పడ్డాక, డిసెంబర్‌లో అదే డెట్రాయిట్ నుంచి అదే వాషింగ్టన్‌కి తమ కంపెనీల హైబ్రిడ్ కార్లలో వెళ్ళారు. మెరిల్ లించ్ అనే పెట్టుబడి బ్యాంకు అధిపతి జాన్ థెయిన్ తన గది సొగసులకి 12 లక్షల డాలర్లు ఖర్చుపెట్టాడని, అందులో చెత్తబుట్ట ఒక్కటే 1,400 డాలర్లని తేలింది. అప్పటి లెక్కన సుమారు 70 వేల రూపాయలు. ఆ బాక్స్ వేసిన రాత్రి మా డెస్క్ కింద ఉన్న ప్లాస్టిక్ బుట్ట వంక అందరం కాసేపు గౌరవంగా చూశాం.

బ్రిటన్ రాణి ఎలిజబెత్ నవంబర్‌లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కి వెళ్ళి, ఇంత పెద్ద ముప్పు వస్తుంటే ఎవరూ ఎందుకు గమనించలేదని ఆర్థికవేత్తల్ని అడిగారు. "ఆవిడ మన డెస్క్‌లో ఉండాల్సిన మనిషి. కారణం అడిగింది చూడు" అన్నారు మా ఇన్‌ఛార్జి. ఆవిడకి జవాబు వచ్చేసరికి తర్వాతి ఏడాది జూలై అయింది. మూడు పేజీల ఉత్తరం. మాకైతే కారణం మూడున్నరకి కావాలి, ఐదింటికల్లా పేజీలో పడాలి.

డిసెంబర్ 1న ఇంకా గొప్ప వార్త. అమెరికాలో మాంద్యం ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో చెప్పేందుకు ఎన్‌బీఈఆర్ అనే సంస్థ ఉంది. అందులో పండితుల కమిటీ కూర్చుని ఉపాధి, ఆదాయం, ఉత్పత్తి లెక్కలన్నీ చూసి తేదీ నిర్ణయిస్తుంది. ఆ కమిటీ ఆ రోజు ప్రకటించింది ఏమిటంటే, మాంద్యం మొదలైంది, 2007 డిసెంబర్‌లో! అంటే నేను బిజినెస్ పేజీకి రాకముందే. నిరుడు జరిగిన పెళ్ళికి ఇప్పుడు శుభలేఖ వచ్చింది అన్నారు ఇన్‌ఛార్జి. ఆ మాటే హెడ్డింగ్ పెడదామంటే ఒప్పుకోలేదు.

మన హైదరాబాద్‌లో జనం మాత్రం ఏ కమిటీ కోసమూ ఆగలేదు. మా ఆఫీసు బయట టీ కొట్టాయన రూపాయి పెంచాడు.

"ఏం బాబాయ్, రిసెషన్‌లో రేట్లు తగ్గాలి కదా?"

"తాగేవాళ్ళు తగ్గారు సార్. అందుకే పెంచా."

ఇంతకంటే పొందిగ్గా ఏ ఆర్థికవేత్తా నాకు వివరించలేదు. మా ఇంటి ఓనరు అద్దె తగ్గించమంటే రిసెషన్ అన్నాడు, పెంచేటప్పుడూ రిసెషనే అన్నాడు. మా ఆఫీసులో పెళ్ళిప్రకటనలు తీసుకునే కౌంటరులో కుర్రాడు చెప్పేవాడు: మొన్నటిదాకా "అమెరికా సాఫ్ట్‌వేర్ సంబంధమే కావలెను" అని రాయించుకున్నవాళ్ళు మళ్ళీ వచ్చి, అది కొట్టించి "ప్రభుత్వ ఉద్యోగి, టీచరైనా సరే" అని మార్పించుకుంటున్నారట. ఆ "టీచరైనా సరే"కి మా పక్క సీటు సబ్ ఎడిటర్ తెగ నొచ్చుకున్నాడు. వాళ్ళావిడ టీచరు. ఇంట్లో ఈయన జీతం రెండో జీతం.

2009 జనవరి 7న మాత్రం డెస్క్‌లో ఎవరూ జోకులు వెయ్యలేదు. పొద్దున్నే సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది. లేని నగదు 5,040 కోట్లు ఉన్నట్టు చూపించానని, మొత్తం కలిపి తేడా 7,136 కోట్లని, ఇది పులి మీద స్వారీలా తయారైంది, దిగితే తినేస్తుందని తెలిసి ఎలా దిగాలో తెలియలేదని రాశారు. ఏడాదిగా రోజూ కారణాలు వండుతున్న మాకు మొదటిసారి కారణం సంతకంతో సహా వచ్చింది. షేరు ఒక్కపూటలో 179 నుంచి 40కి పడింది. సెన్సెక్స్ 749 పాయింట్లు పోయింది. ఎప్పుడూ మూలన ఉండే మా డెస్క్ చుట్టూ ఆ రోజు న్యూస్‌రూమ్ అంతా నిలబడింది. సగంమందికి అందులో తమ్ముడో, బావమరిదో, పక్కింటివాళ్ళ అమ్మాయో ఉన్నారు. నాలుగు నెలల కిందటే ఆ కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్‌లో, అంటే కంపెనీని పద్ధతిగా నడపడంలో, గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చిందన్న వార్త కూడా మా పేజీలోనే, అదే ఫాంట్‌లో వేశాం. పేజీలు పేర్చే పేజినేటర్ ఆ పాత క్లిప్పింగ్ తీసి చూపించి ఏమీ మాట్లాడకుండా మళ్ళీ లోపల పెట్టేశాడు.

నా సీటు పాత యజమాని ఆ ఫిబ్రవరిలో కనిపించాడు. క్యాంటీన్‌లో టీ తాగుతూ, మార్కెట్ ఎలా ఉందని నన్ను అడిగాడు.

మే 16న ఎన్నికల ఫలితాలు వచ్చాయి. శనివారం. సోమవారం, 18న మార్కెట్ తెరవగానే అప్పర్ సర్క్యూట్, అంటే పెరుగుదలకి పెట్టిన హద్దు, తగిలి ఆగింది. మళ్ళీ తెరిచారు, మళ్ళీ తగిలింది, ఆ రోజుకి ఇక సెలవన్నారు. నికరంగా ట్రేడింగ్ జరిగింది నిమిషం కూడా ఉండదు. అంతలో 2,110 పాయింట్లు పెరిగింది. మధ్యాహ్నానికే మా పేజీ అయిపోయింది. సుస్థిర ప్రభుత్వం అని కారణం ఒకటే, అందరిదీ అదే. సమస్యల్లా ఫొటోది. తల పట్టుకున్నాయన తప్ప మా దగ్గర ఎవరూ లేరు. బాబాయి ఫోన్ చేసి, "ఇప్పుడు అమ్మనా?" అన్నాడు. అమ్మడానికి మార్కెట్ తెరిచి లేదు.

జూన్‌లో ద్రవ్యోల్బణం మైనస్ అయింది. అప్పట్లో టోకు ధరల లెక్క ప్రతి గురువారం వచ్చేది. మైనస్ 1.61 శాతం అని రాగానే, మూడు దశాబ్దాల తర్వాత ధరలు సున్నా కిందికి వెళ్ళాయని బ్యానర్. పొద్దున్నే మా అమ్మ పేపరు తెచ్చి నా మొహం మీద పెట్టి, "సున్నా కన్నా తగ్గాయని నువ్వే రాశావుగా, కందిపప్పు తీసుకురా. కొట్టువాడు ఎదురు డబ్బులిస్తాడేమో" అంది. నిరుడు ఇదే సమయానికి చమురు ఆకాశంలో ఉంది కాబట్టి దాంతో పోలిస్తే ఇప్పుడు సూచీ తగ్గినట్టు కనిపిస్తుందనీ, అందులో తిండిగింజలు పెరుగుతూనే ఉన్నాయనీ, ఇది టోకు లెక్క, చిల్లర ధరల లెక్క వేరే ఉంది, అది ఎనిమిది శాతం పైనే ఉందనీ వివరించాను. అంతా విని, "ఆ వేరే లెక్కే పైన వెయ్యొచ్చుగా" అంది. సాయంత్రం మీటింగులో ఆ మాట చెప్పాను. మైనస్ అయితే కొత్తగా ఉంటుందయ్యా అన్నారు.

ఈ నడుమలో మాంద్యం మా ఆఫీసు మెట్లు కూడా ఎక్కింది. రియల్ ఎస్టేట్ యాడ్స్ పడిపోయాయి. రెండు పేజీల బిజినెస్ ఒక పేజీ అయింది, తర్వాత స్పోర్ట్స్‌తో కలిసి అర పేజీ అయింది. మన క్రికెట్ వాళ్ళు గెలిస్తే ఆ అర కూడా పావు. ఏప్రిల్‌లో హెచ్చార్ నుంచి ఉత్తరం: "ఆర్థిక మాంద్యం దృష్ట్యా ఈ ఏడాది ఇంక్రిమెంట్లు నిలిపివేయడమైనది." మే ఆఖర్లో మన దేశ వృద్ధి 6.7 శాతం అని లెక్కలొచ్చాయి. వేగం తగ్గింది కానీ మాంద్యం మనకి రానేలేదు. ఆ క్లిప్పింగ్ పట్టుకుని హెచ్చార్ సార్ దగ్గరికి వెళ్ళాను. "గ్లోబల్ బాబూ, గ్లోబల్. మనం ఒక్కళ్ళం విడిగా ఉండలేం కదా" అన్నారు.

2010 సెప్టెంబర్ 20న అదే ఎన్‌బీఈఆర్ కమిటీ మళ్ళీ నోరు విప్పింది. మాంద్యం 2009 జూన్‌లోనే ముగిసిందట. పదిహేను నెలల కిందట. మర్నాడు ఆ వార్త కూడా చేత్తో పట్టుకుని వెళ్ళాను. "సార్, గ్లోబల్‌ది కూడా అయిపోయింది. ఎప్పుడో అయిపోయిందట. మన పేజీలోనే వచ్చింది."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశారు. అటువైపు టెస్టు మ్యాచ్ ఫొటో ఉంది.

"సింగిల్ కాలమే వేశారు. అంత ముఖ్యమైన వార్త కాదన్నమాట" అన్నారు.